రిజిస్టరులో ‘సదరు’

మా నాన్నగారికి రెండు పుట్టినరోజులు. జాతకచక్రం ప్రకారం శుక్ల నామ సంవత్సరం, కార్తీకమాసం. అంటే 1929 నవంబరు. సర్కారు వారి ప్రకారం 1927 జూలై 1. మొదటిదానికి అమ్మ పరమాన్నం వండేది. రెండోదానికి ఎవరూ ఏమీ వండలేదు గాని, ఆయన ఉద్యోగం మొదలైందీ ముగిసిందీ దాని లెక్కనే. ఈ రెండు తేదీల నడుమ ఉన్న రెండేళ్ళ నాలుగు నెలల వెనుక ఒక చిన్న మాట ఉంది. ఆ మాటను పట్టుకుని వెనక్కు నడిస్తే బడి కార్యాలయాల చరిత్ర కొంత తెలిసివచ్చింది. పంతుళ్ళ చరిత్రను మన పెద్దలు చాలానే రాశారు. బడిలో గుమాస్తా బల్ల చరిత్రను పట్టించుకున్నవారు తక్కువ. అందుకే ఈ టపా.

నాన్నగారు ఒక ప్రభుత్వోన్నత పాఠశాలలో గుమాస్తాగా పనిచేశారు. ఇప్పటి భాషలో జూనియర్ అసిస్టెంటు. బడిలో అందరికీ ఆయన ‘రైటరుగారు’.

* * *

అచ్చు రిజిస్టర్లు రాకముందు మన బడులలో హాజరు ఎలా వేసేవారు? దీనికి ఒక ముచ్చటైన సాక్ష్యం ఉంది. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో జిల్లాల కలెక్టర్లను తమతమ ప్రాంతాల బడుల వివరాలు పంపమని కోరాడు. బళ్ళారి కలెక్టరు ఏ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో ఇచ్చిన జవాబు వాటిలో ప్రసిద్ధమైనది. ఆ జిల్లాలో 533 బడులున్నాయనీ, 6,641 మంది చదువుతున్నారనీ, వాటిలో 226 తెలుగు బడులనీ ఆయన లెక్క. అప్పటి బళ్ళారి జిల్లాలో ఇప్పటి మన అనంతపురం ప్రాంతం కూడా కలిసి ఉండేదని గుర్తుంచుకోవాలి.

ఆ నివేదికలో ఆయన బడి తెల్లవారే తీరును వర్ణించాడు. అందరికన్నా ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడి చేతిలో సున్న. అంటే మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడికి ఒక మెత్తని దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఇక అక్కడినుంచి ఆలస్యం కొద్దీ దెబ్బలు పెరుగుతూ పోయేవి.

అంటే హాజరుపట్టీ పిల్లవాడి అరచెయ్యే. సాయంత్రం చేతులు కడుక్కుంటే చెరిగిపోయేది. మర్నాడు మళ్ళీ కొత్త లెక్క. ఐదో ఏట అక్షరాభ్యాసం చేసి బడిలో వేసేవారు గనుక వయసు అడగవలసిన అవసరమూ లేదు. అడిగినా చెప్పడానికి ఇంట్లో జాతకం ఉండేది, లేకపోతే ‘పెద్ద గాలివాన ఏడు’, ‘కరువొచ్చిన ఏడు’ వంటి గుర్తులు ఉండేవి. అవి ఊరికి చాలినవే. ఎందుకంటే ఆ పిల్లవాడి వయసుతో ఊరికి తప్ప ఎవరికీ పని లేదు.

ఆ పని 1854తో మొదలైంది. ఆ ఏడాది జూలైలో వచ్చిన ఉడ్ తాఖీదు ప్రకారం రాష్ట్రానికొక విద్యాశాఖ ఏర్పడింది. మద్రాసులో అలెగ్జాండర్ ఆర్బత్‌నాట్ 1855లో తొలి డైరెక్టరయ్యాడు. ప్రైవేటు బడులకు సర్కారు గ్రాంటు ఇవ్వడం మొదలుపెట్టింది. 1860లలో దీనికి మరో మెలిక చేరింది: పిల్లలు పరీక్షలో చూపిన ఫలితాన్నిబట్టి డబ్బు ఇచ్చే పద్ధతి. డబ్బు ఇచ్చేవాడు తలలు లెక్కపెట్టుకుంటాడు. తలలు లెక్కపెట్టాలంటే పేర్లు కావాలి, పేర్లకు వరుస సంఖ్యలు కావాలి, చేరిన తేదీ, మానిన తేదీ, వయసు, తరగతి, తండ్రి పేరు కావాలి. ఇన్‌స్పెక్టరు వచ్చే రోజున పక్క వీధి పిల్లలను తెచ్చి కూర్చోబెట్టేవారని మా తాతగారి తరంలో నవ్వుకుంటూ చెప్పుకునేవారు. నవ్వు సంగతి అటుంచితే, మన బడిలో రిజిస్టరు చదువు కోసం పుట్టలేదు, పద్దు కోసం పుట్టింది. ఇది మరచిపోతే తర్వాతి కథ అర్థం కాదు.

* * *

ఇక్కడ ఒక విషయం నన్ను చాలాకాలం ఆలోచింపజేసింది. బోధించేవాడికి శిక్షణ అవసరమని ఆ సర్కారుకు వెంటనే తోచింది. 1856లోనే మద్రాసులో నార్మల్ స్కూలు పెట్టారు. అదే తర్వాత సైదాపేట కళాశాల అయింది. మన రాజమండ్రిలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాల 1894లో వచ్చింది. పాఠం ఎలా చెప్పాలి, నల్లబల్ల మీద ఎలా రాయాలి, ఏ వయసు పిల్లవాడితో ఎలా మాట్లాడాలి అన్నింటికీ పుస్తకాలూ, తరగతులూ, పట్టాలూ ఏర్పడ్డాయి. కాని ఆ పిల్లవాడి పేరునూ పుట్టినతేదీనీ మొదటిసారి కాగితం మీద పెట్టే మనిషికి ఏ బడీ లేదు.

ఆ మనిషి ఎవరు? ఉన్నత పాఠశాలలోనైతే గుమాస్తా. ప్రాథమిక పాఠశాలలో గుమాస్తా ఎన్నడూ లేడు. పంతులుగారే పాఠం మధ్యలో లేచి ఆ పని చేసేవారు. సైదాపేటలోనో రాజమండ్రిలోనో నేర్చుకున్న బోధనాపద్ధతి అందులో ఆయనకు అక్కరకు రాదు.

మరి ఎలా నేర్చుకున్నారంటే, మన కరణాలు నేర్చుకున్నట్టే. కరణీకం వంశపారంపర్యం. కొడుకు తండ్రి పక్కన కూర్చుని కవిలె కట్టలు విప్పుతూ, కడుతూ నేర్చుకునేవాడు. 1984లో ఆ పదవుల్నే రద్దు చేసేదాకా పల్లెల్లో ఆ విద్య అలాగే సాగింది. బడి గుమాస్తాకు వంశం లేదు గనుక పాత గుమాస్తాయే గురువు. పాత రిజిస్టరే పుస్తకం. ముందటివాడు సరిగా రాసి ఉంటే కొత్తవాడికి సరిగా వచ్చేది. తప్పు రాసి ఉంటే ఆ తప్పే సంప్రదాయమయ్యేది.

రాతపూర్వకమైన మార్గదర్శనం అసలే లేదని కాదు. మద్రాసు రాష్ట్రంలో ‘డిస్ట్రిక్ట్ ఆఫీస్ మాన్యువల్’ అనే గ్రంథం ఉండేది. రెవెన్యూ బోర్డులో పనిచేసిన టాటెన్‌హామ్ అనే ఐ.సి.ఎస్. అధికారి పేరుమీద ప్రసిద్ధమైన కార్యాలయ పద్ధతి దానికి ప్రాణం. వచ్చిన ప్రతి కాగితానికీ ఒక సంఖ్య, ఆ సంఖ్యకు బాధ్యుడైన ఒక గుమాస్తా, అతని ‘పర్సనల్ రిజిస్టరు’లో ఒక వరుస. పని ముగిశాక ఆ కాగితాన్ని కొద్దికాలం ఉంచాలో, పదికాలాలు ఉంచాలో, శాశ్వతంగా ఉంచాలో తెలిపే అక్షరాలు: ఎల్.డిస్., డి.డిస్., ఆర్.డిస్. మనం బ్లాగుల్లో మురిపెంగా వాడుకుంటున్న ‘టపా’ ఆ కార్యాలయాల్లో ‘తపాలు’గా రోజూ బల్లమీద పడే వస్తువే. పరీక్షలూ ఉన్నాయి. పబ్లిక్ సర్వీస్ కమిషను జరిపే శాఖాపరమైన పరీక్షల్లో అకౌంట్ టెస్టు ప్యాసయితేనే మెట్టు ఎక్కగలిగేది. వాటిలో చాలా పరీక్షలకు పుస్తకం చూసి రాయవచ్చు. నియమం ఎక్కడుందో వెతికి పట్టుకోగలవా అన్నదే పరీక్ష. ఆ నియమం ఎందుకుందో అడిగేవారు లేరు.

* * *

1946లో నాన్నగారు గుమాస్తాగా చేరినప్పుడు ఆయన అదృష్టం కొద్దీ ఒక మంచి గురువు దొరికారు. ఆ బడి హెడ్డుగుమాస్తాగారు. మొదటి రెండు నెలలూ నాన్నగారి చేత ఏ రిజిస్టరులోనూ కలం పెట్టనివ్వలేదట. పాత అడ్మిషను రిజిస్టరును తెల్లకాగితం మీద నకలు రాయించేవారు. సాయంత్రం దిద్దేవారు. ఆయన చెప్పిన సూత్రాలను నాన్నగారు మాకు చిన్నప్పుడు ఎక్కాల్లాగా వినిపించేవారు.

మొదటిది: చెరపకూడదు. తప్పు పడితే ఒక్క గీతతో కొట్టి, కొట్టిన మాట కనిపించేటట్టు వదిలి, పైన సరైనది రాసి, ప్రధానోపాధ్యాయుల పొట్టిసంతకం చేయించాలి. తప్పు చేయడం నేరం కాదు, దాచడం నేరం.

రెండవది: పుట్టినతేదీని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయాలి. అంకె ఒక్క గీతతో మారిపోతుంది. 1 కాస్తా 7 అవుతుంది, 3 కాస్తా 8 అవుతుంది. అక్షరం అంత సులభంగా లొంగదు.

మూడవది: రాసే ముందు తండ్రి చేత చెప్పించి, రాశాక తండ్రికి చదివి వినిపించి, అప్పుడు సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. సంతకం చేయించి తర్వాత నింపేవాడు గుమాస్తా కాడు.

నాలుగవది: పుట్టినతేదీ గడిలో ‘సదరు’ రాయకూడదు.

ఈ చివరిది విన్న సాయంత్రం నాన్నగారు ఇంటికి వచ్చి అన్నం తినలేదట.

ఆయన 1934లో మా ఊరి ప్రాథమిక పాఠశాలలో చేరారు. అదే రోజున మా వీధిలోని మరి ఇద్దరు పిల్లలనూ చేర్చారు. వారిలో ఒకరు మా పెదనాన్నగారు, అంటే నాన్నగారి పెదతండ్రి కుమారుడు. ఆయన నిజంగానే ప్రభవ సంవత్సరం ఆషాఢమాసంలో పుట్టినవారు. ఆయన పేరు మొదట రాసి, పుట్టినతేదీ గడిలో 1-7-1927 అని వేశారు పంతులుగారు. కింద రెండో పేరు మూడో పేరు రాసి, ఊరి పేరు గడిలో ‘సదరు’, తాలూకా గడిలో ‘సదరు’, చేరిన తేదీ గడిలో ‘సదరు’ అని రాసుకుంటూ వచ్చి, అదే ఊపులో పుట్టినతేదీ గడిలోనూ ‘సదరు’ అనేశారు. ద్వేషం లేదు, లంచం లేదు. చెయ్యి అలవాటు. నాన్నగారికి నాలుగున్నరేళ్ళు, కాగితం మీద ఏడు నిండాయి.

1899 చట్టం ప్రకారం మద్రాసు రాష్ట్రపు పల్లెల్లో జనన మరణాల నమోదు ఉండేది. మునసబుగారి పుస్తకంలో నాన్నగారి జననమూ నమోదై ఉండవచ్చు. కాని బారసాలకు ముందే రాసే ఆ పుస్తకాల్లో చాలాసార్లు పేరుండదు. ఫలానా వారికి మగశిశువు, అంతే. బడి ఆ పుస్తకాన్ని అడగలేదు. తర్వాత ఉన్నత పాఠశాల ప్రాథమిక పాఠశాల ఇచ్చిన సర్టిఫికెట్టును నమ్మింది. ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకం ఉన్నత పాఠశాల రిజిస్టరును నమ్మింది. సర్వీసు రిజిస్టరు ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకాన్ని నమ్మింది. ఒక్కొక్క మెట్టు ఎక్కేకొద్దీ తప్పు గట్టిపడి నిజమైంది.

* * *

తెలంగాణ మిత్రులు ఈ కథకు వేరే అధ్యాయం చెప్పగలరు. నిజాం రాష్ట్రంలో తహ్తానియా, వుస్తానియా, ఫౌఖానియా బడుల రిజిస్టర్లు ఉర్దూలో ఉండేవి, తేదీలు ఫసలీలో ఉండేవి. ఆజూర్, దై, బహమన్, ఇస్ఫందార్, ఫర్వర్ది ఇలా నెలల పేర్లు. హైదరాబాదు ఫసలీ అక్టోబరులో మొదలవుతుంది. మద్రాసు రెవెన్యూ వారి ఫసలీ జూలై 1న మొదలవుతుంది. పేరు ఒక్కటే, ఏడాది వేరు.

1948 తర్వాత ఆ తేదీలను ఇంగ్లీషు తేదీలుగా మార్చవలసి వచ్చింది. ‘ఫసలీకి 590 కలిపితే చాలు’ అన్న సూత్రం ఒకటి గుమాస్తాల నోట నానింది. అది అక్టోబరు, నవంబరు, డిసెంబరులకు మాత్రమే సరిపోతుంది. జనవరి వచ్చాక 591 కలపాలి. 1346 ఖుర్దాదులో పుట్టిన బిడ్డ 1937 ఏప్రిలు ప్రాంతంలో పుట్టినట్టు. 590 కలిపితే 1936 అవుతుంది. ఒక్క అంకె తెలియకపోతే ఒక మనిషికి ఒక ఏడాది వయసు పెరుగుతుంది. 1956 తర్వాత ఆ ఉర్దూ రిజిస్టర్లు చదవగలిగినవారు కార్యాలయాల్లో ఏటేటా తగ్గిపోయారు. ఇది తెలివితక్కువతనం కాదు. నేర్పవలసిన ఒక్క పూట పాఠాన్ని ఎవరూ నేర్పకపోవడం.

‘జూలై ఒకటి’ మరో ముచ్చట. సంవత్సరం తప్ప మరేమీ తెలియని ఉద్యోగికి జూలై 1నీ, సంవత్సరమూ నెలా తెలిసినవాడికి ఆ నెల 16నూ పుట్టినతేదీగా తీసుకోమని సర్కారు ఉద్యోగాల నియమం. బడులు తెరిచే కాలం కూడా దానికి దగ్గరే కావడంతో, మన పెద్దల తరంలో సగం ఊరు జూన్ జూలైలలోనే పుట్టినట్టు కనిపిస్తుంది.

* * *

1983 జనవరిలో రాష్ట్రంలో కొత్త ప్రభుత్వం వచ్చింది. ఫిబ్రవరి 8న ఉద్యోగ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గిస్తూ ఉత్తర్వు వెలువడింది. అప్పటికే 55 నిండినవారంతా ఫిబ్రవరి 28న ఇంటికి వెళ్ళాలి. సుమారు 18,000 మంది ప్రభుత్వోద్యోగులు, ప్రభుత్వ రంగ సంస్థలలో మరో 10,000 మంది. వారిలో మా నాన్నగారు ఒకరు. కాగితం మీద ఆయనకు 55 నిండి ఎనిమిది నెలలు. జాతకం మీద 53.

ఆ ఇరవై రోజులూ ఆయన పని ఏమిటో ఊహించగలరా? తన బడిలో 55 నిండినవారి జాబితా తయారు చేయడం. సర్వీసు రిజిస్టర్లు ఒక్కొక్కటే విప్పి, మొదటి పుటలోని తేదీ చూసి, పేరు ఎక్కించడం. తన పేరు కూడా తానే ఎక్కించారు.

తర్వాతి ఏడాది విరమణ వయసు మళ్ళీ 58 అయింది. వెళ్ళిపోయినవారి సంగతి న్యాయస్థానాలకు చేరింది. 1985లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక కొందరు తిరిగి తమ కుర్చీల్లో కూర్చున్నారు. నాన్నగారికి ఆ జూన్ నెలాఖరుకే కాగితం మీద 58 నిండిపోయాయి. జాతకం ప్రకారమైతే ఆయన 1987 నవంబరు దాకా ఆ బల్ల దగ్గర ఉండవలసినవారు.

1983 వేసవిలో నేను పట్టుబట్టి ఆయనను మా ఊరి బడికి తీసుకువెళ్ళాను. అడ్మిషను రిజిస్టరు శాశ్వత దస్తావేజు గనుక భద్రంగానే ఉంది. పుట అంచులు రాలుతున్నాయి గాని సిరా చెక్కుచెదరలేదు. మూడు పేర్లు, ఒక తేదీ, రెండు సదరులు. అక్కడి పెద్దాయన మంచిమనసుతో, “జాతకం ఉందిగా రైటరుగారూ, వెనకటి తేదీతో ఒక సవరణ రాసి ఇస్తాను, ప్రయత్నించండి” అన్నారు. నాన్నగారు రిజిస్టరు మూసి ఆయన చేతికి ఇచ్చేశారు.

ఇంటికి వచ్చే దారిలో నేను కోపంగానే అడిగాను. ఆయన చెప్పిన సమాధానం ఇది. “ముప్ఫై ఏడేళ్ళలో ఎందరో తండ్రులు నా బల్ల దగ్గరకు వచ్చి తేదీ మార్చమన్నారు. ఒక్కరికీ మార్చలేదు. అదొకటి. ఇంకొకటి నీకు తెలియదు. 1946లో నాకు నిజానికి పదహారేళ్ళు. పద్దెనిమిది నిండనివాడికి సర్కారు ఉద్యోగం ఇవ్వరు. ఆ సదరు పుణ్యమా అని నాకు ఉద్యోగం వచ్చింది. ఇంట్లో పొయ్యి వెలిగింది. అప్పుడు నోరెత్తని నేను ఇప్పుడెత్తితే న్యాయం కాదురా. అప్పు ఇచ్చినవాడు వసూలు చేసుకున్నాడు.”

నాకు అప్పుడు ఆ మాట నచ్చలేదు. ఇప్పటికీ పూర్తిగా నచ్చిందని చెప్పలేను. నిజాయితీపరుడు తన పట్ల అన్యాయానికి తానే సాక్షి సంతకం చేసినట్టు అనిపిస్తుంది. కాని అప్పటినుంచీ ‘సదరు’ అన్న మాట ఏ కాగితంలో కనబడినా నా చూపు ఒక్క క్షణం అక్కడ ఆగుతుంది.

* * *

తర్వాత నియమాలు బిగిశాయి. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పుట్టినతేదీ నమోదు, సవరణల గురించి ప్రత్యేక నియమావళి తెచ్చింది. ఉద్యోగంలో చేరినప్పుడు బడి రికార్డులను చూసి రాసిన తేదీయే తుది తేదీ. 2009 విద్యాహక్కు చట్టం వయసుకు జనన ధ్రువపత్రాన్ని ఆధారం చేస్తూనే, అది లేదని ఏ బిడ్డనూ బడి గడప దగ్గర ఆపరాదన్నది. 2023లో సవరించిన జనన మరణాల నమోదు చట్టం ప్రకారం, ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి పుట్టినవారికి జనన ధ్రువపత్రమే ఆధారం. వయసు చెప్పే అధికారం మెల్లగా బడి బల్ల నుంచి ఆసుపత్రి బల్లకు జరుగుతున్నది. అక్కడా రాసేది ఒక గుమాస్తాయే.

శిక్షణ సంగతి? హైదరాబాదులో 1976లో పరిపాలనా శిక్షణ సంస్థ వచ్చింది. నేడది మర్రి చెన్నారెడ్డి గారి పేరున ఉంది. ఆంధ్రలో బాపట్లలో మరొకటి ఉంది. ఇవి మంచి సంస్థలే. కాని తండ్రి పోయిన దుఃఖం ఆరకముందే కారుణ్య నియామకం మీద బడి కార్యాలయంలో కూర్చున్న పిల్లవాడికో పిల్లకో మొదటి రోజున దొరికే గురువు ఇప్పటికీ ముందటివారి ఫైలే. రిజిస్టరు పోయి కంప్యూటరు తెర వచ్చింది. అందులో ఒక గడి మూల పట్టుకుని కిందికి లాగితే పై గడిలోని తేదీ కింది గడులన్నిటిలో నిండిపోతుంది. దానికి పేరు వేరు గాని, అది మన పాత సదరే. పూర్వం ఒక ఒరవడిలో ఇద్దరు పిల్లల వయసు మారితే, ఇప్పుడు ఒక్క లాగుతో తరగతి మొత్తం మారగలదు.

కాబట్టి శిక్షణ అంటే ఏ మీట నొక్కాలో చెప్పడం మాత్రమే కాకూడదని నా అభిప్రాయం. నియమం సంఖ్య చెప్పడమూ చాలదు. ప్రతి గడి వెనుకా ఒక బతుకు ఉందనీ, ఇవాళ వేసిన అంకె యాభై ఏళ్ళ తర్వాత ఎవరి వంటింటికో చేరుతుందనీ చెప్పాలి. ఆ హెడ్డుగుమాస్తాగారు రెండు నెలల్లో నేర్పింది అదే. ఏ సంస్థా పట్టా ఇవ్వని ఆ పాఠం ఆయనతో నాన్నగారికి వచ్చింది. నాన్నగారి తర్వాత ఆ బల్ల దగ్గర కూర్చున్నవారికి ఎంత చేరిందో మరి.

బళ్ళారి బడిలో సరస్వతి పేరు సాయంత్రానికి చెరిగిపోయేది. మనవాళ్ళు చెరగని సిరా తెచ్చారు. చెరగని సిరాతో రాసేవాడికి నేర్పవలసింది మరింత ఉంటుంది కదా.

మీ ఇళ్ళలోనూ జూలై ఒకటిన ‘పుట్టిన’ పెద్దలు ఉండే ఉంటారు. ఉంటే అడిగి, వారి అసలు పుట్టినరోజు ఏదో తెలుసుకోండి. వీలైతే ఇక్కడ రాయండి. రాసేటప్పుడు అంకెల్లోనూ, అక్షరాల్లోనూ.